నిమ్మకాయ తగిలిన ఎనిమిది తాళ్ళు

అమెరికాలో మా ఊరు బాతెల్‌లో ఏ ఇంట్లో పాట్‌లక్ జరిగినా, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని తిన్నా, బిర్యానీ అయ్యాక, గులాబ్‌జామ్‌కి ముందు, నా కథ ఒకటి వడ్డిస్తారు. కొండలెక్కే సామాన్ల షాపులో పనిచేసే ఆవిడ లేదూ, ఆవిడ దసరాకి తాళ్ళకి పూజ చేసిందట, వాటి ముందు సాష్టాంగపడిందట, అది చూసి అక్కడి తెల్లాయనకి ఒళ్ళు మండి ఎనిమిది తాళ్ళూ ముక్కలుగా కోసి పారేశాడట, పాపం మన ఆడవాళ్ళ క్లాసు కాన్సిల్ అయిపోయిందట. చెప్పేవాళ్ళని బట్టి ముగింపు మారుతుంది. ఒకరింట్లో నా ఉద్యోగం ఊడుతుంది. ఇంకొకరింట్లో నేనే ఆ ఉద్యోగాన్ని వాళ్ళ ముఖాన కొట్టి బయటికొస్తాను. మొన్న ఒకచోట ఫైరింజన్ కూడా వచ్చింది. ఆ చెప్పేవాడికి రెండు కుర్చీల అవతల కూర్చుని నేను పెరుగువడ తింటున్నాను. ఒక్కరికీ నన్ను అడగాలని తోచలేదు.

ఇందులో నిజాలు రెండు. తాళ్ళు ఎనిమిది. క్లాసు కాన్సిల్. మిగతాదంతా మసాలా. సాష్టాంగం నేను పడలేదు, నా మోకాళ్ళకి అంత భక్తి లేదు. తెల్లాయనకి ఒళ్ళు మండలేదు, అసలు పూజ చెయ్యమని వెంటపడిందే ఆయన. మొదటి తాడు కోసింది నేను. నా ఉద్యోగం ఊడలేదు, ఆ తర్వాత కూడా అదే రిపేరు బల్ల దగ్గర అయిదేళ్ళు నిలబడి, పోయిన వేసవిలో నడుం నొప్పి భరించలేక నేనే మానేశాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఎవరైనా ఇది చదివితే, మీ తప్పు కథని మీరే ముందుగా చెప్పుకోండి. ఆలస్యం చేస్తే మిగతావాళ్ళు చెప్పేస్తారు, అదీ చెడగొట్టి.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. ఇక్కడికొచ్చి డిపెండెంట్ వీసా మీద ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి ల్యాబుల వాళ్ళు నా రెజ్యూమేలో ఆ ఏడేళ్ళ ఖాళీలోకి, మూతలేని నూతిలోకి చూసినట్టు చూశారు. మా ఇంటికి నడిచి పది నిమిషాల దూరంలో ఒక షాపుండేది. లిఫ్టులు లేని మంచుకొండల్లో సొంత కాళ్ళతో ఎక్కి స్కీల మీద జారి దిగేవాళ్ళకీ, రాళ్ళు పట్టుకుని పాకేవాళ్ళకీ కావలసిన సామాను అక్కడ అమ్ముతారు, అద్దెకిస్తారు, బాగుచేస్తారు. తలుపు మీద మనిషి కావాలని కాగితం అంటించి ఉంది. లోపలికెళ్ళి, స్కీల అడుగున పూసే మైనంలో ఏమేం కలుపుతారని అడిగాను. రిపేరు బల్ల వెనకున్న పెద్దాయన తలెత్తి, తన ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదని, సోమవారం నుంచి రమ్మని అన్నాడు. ఇంటర్వ్యూ అంతే.

మనవాళ్ళలో అది పెద్ద వార్తయింది. ఎమ్మెస్సీ చదివి చెప్పుల కొట్లో చేరిందన్నారు. రాళ్ళెక్కే బూట్లూ చెప్పులే కదా అని నేనూ ఊరుకున్నాను. మీకసలు స్కీయింగ్ వచ్చా అని అడిగేవాళ్ళు. రాదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా స్కీల మీద నిలబడలేదు. పెళ్ళి వంటవాడు ప్రతి పంక్తిలో కూర్చుని తింటాడా?

ఆ బల్ల పెద్దాయన గురించి చెప్పాలి. తెల్లగడ్డం, ఎడమచేతి చిటికెనవేలి కొస ఏదో కొండ మీద చలికి రాలిపోయింది. ఆయన నాకు నేర్పిన విద్యంతా ఒక్క మాటలో ఉంది. అనుమానమొస్తే కొయ్యి. ఆ మాటని ఒక పాత స్కీ మీద చెక్కి బల్లకి పైన తగిలించాడు. తాడు మీద గీత కనబడిందా, కొయ్యి. ఎవరో మూత తీసిన పెన్ను పెట్టి దానికి సిరా అంటించారా, కొయ్యి. కోస్తేగానీ ఇంకెవరూ దాన్ని పొరపాటున ఎత్తుకుపోకుండా ఉండరు. తాళ్ళకొక పుస్తకం ఉండేది. ఒక్కో తాడుకి ఒక పేజీ. ఎప్పుడు కొన్నాం, ఎవరు వాడారు, ఎవరు తడిమి చూశారు, సంతకం. మూడో ఏడు నుంచి ఆ సంతకం నాది. నాకు కొండలు తెలియకపోవచ్చు, కానీ నైలాన్ తెలుసు. దానికి గట్టిదనం ఇచ్చే బంధాలేవో, ఆమ్లం తగిలితే అవి ఎలా విడిపోతాయో బోర్డు మీద గీసి చెప్పగలను. చెప్పాను కూడా, వద్దన్నవాళ్ళకి కూడా.

మా ఇద్దరికీ పైన ఒక అమ్మాయి. శాన్ రామన్‌లో పుట్టి పెరిగింది, అమ్మానాన్నలది తెనాలి. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నది. మంచుకొండల మీద కాపలా తిరిగే స్కీ పట్రోల్‌లో పనిచేసి, మంచు చరియల కింద కూరుకుపోయిన మనుషుల్ని తవ్వి తీసి వచ్చింది. అద్దెలూ క్లాసులూ ఆవిడ చేతిలో ఉండేవి. నా బాస్. నన్ను ఆంటీ అంటుంది. ఆంటీ అంటూనే సెలవు లేదంటుంది.

ఇక నా నోరు నాకు తెచ్చిన గొడవ. ఆ వేసవిలో మన సాఫ్ట్‌వేర్ తమ్ముడొకడు తాడు పట్టుకుని వచ్చాడు. ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు.

"అక్కా, ఒక్కసారి చూసి ఓకే అనండి చాలు."

"ఎక్కడ పెట్టావు దీన్ని?"

"కార్ ట్రంక్‌లో."

"పక్కన ఏముంది?"

"ఏం లేదు. పాత బ్యాటరీ ఒకటి, రీసైకిల్‌కి ఇద్దామని."

"ఎన్నాళ్ళ నుంచి ఇద్దామని?"

కాస్త ఆలోచించి, ఉగాది నుంచి అన్నాడు. అప్పటికి శ్రావణమాసం. నేను పాఠం మొదలుపెట్టాను. బ్యాటరీలో ఉండేది యాసిడ్ నాయనా, అది కారినట్టు కంటికి కనబడదు, తాడు చూడ్డానికి తాడులాగే ఉంటుంది, నువ్వు వేలాడినప్పుడు మాత్రం ఉండదు అన్నాను. కారిందో లేదో తెలియదు కదక్కా అన్నాడు.

"ఆ తెలియకపోవడమే తప్పు. తెలిస్తేనే అది తాడు. తెలియకపోతే ఉత్త పీచు."

ఇలాంటి మాటలు నోట్లోంచి వచ్చినప్పుడు ఎంత బాగుంటాయో! షాపులో నలుగురు తలలు తిప్పారు. వాడు విసుగెత్తి, సరే మీ ఇష్టం, ఏం చేసుకుంటారో చేసుకోండి అన్నాడు. కత్తి నా చేతిలోనే ఉంది. కోసేశాను. వాడి ముఖం చూశాక అర్థమైంది, ఆ మాట కోపంలో అన్నాడని, అనుమతి కాదని. అప్పట్నుంచి బాతెల్‌లో నాకు తాళ్ళావిడ అని పేరు.

అదే రోజుల్లో నేను ఇంకో యుద్ధం చేస్తున్నాను. మన జంటలు షాపుకొస్తే ఎలా ఉండేదో చూసినవాళ్ళకి తెలుస్తుంది. మగవాళ్ళు బూట్లు తొడుక్కుని అటూ ఇటూ నడిచి, గోడకున్న పట్లు పట్టుకుని వేలాడి ఫోటోలు దిగేవాళ్ళు. ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చుని వాళ్ళ జాకెట్లు, ఫోన్లు పట్టుకునేవాళ్ళు. బట్టల కొయ్యలకి జీతమైనా లేదు, ఖర్చైనా లేదు. మన ఆడవాళ్ళకి విడిగా రాళ్ళెక్కే క్లాసొకటి పెట్టమని బాస్ అమ్మాయిని రెండేళ్ళు వేపుకుతిన్నాను. ఎవరూ రారు ఆంటీ, లాస్ట్ మినిట్‌లో డ్రాప్ అవుతారు అనేది. చివరికి, పన్నెండు పేర్లు తీసుకొస్తే అక్టోబరు మొదట్లో ఒక శనివారం ఇస్తాను, ఊరి బయట రాతి దగ్గర అంది. ఆ తర్వాత మాకు వానలు పడతాయి, ఏప్రిల్ దాకా రాయి ఆరదు.

పన్నెండు పేర్లు తెచ్చాను. మొదటి పేరు ఎవరిదనుకున్నారు? నేను తాడు కోసిన తమ్ముడి భార్యది. మిమ్మల్ని చూడాలనే చేరుతున్నానండీ, మా ఆయన నోరు మూయించినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు అంది. తెలుగు చర్చిలో పాటలు పాడే ఇద్దరు వచ్చారు. అందరిలోకీ పెద్దావిడకి యాభై ఎనిమిది. పంజాబీ డ్రెస్ మీద ఆ తాడు కట్టే నడుంపట్టీ పెట్టుకోవచ్చా, చున్నీ మాత్రం తీసేస్తాను అని అడిగింది. ఈ మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు మాట వింటాయో తెలియదు, ఈ ఏడు ఎక్కెయ్యాలి అనేది. ఇంటి మెట్లు కాకుండా ఇంకేదైనా ఎక్కాలట ఆవిడకి.

ఆ శనివారానికి ముందు గురువారం ఆయుధపూజ వచ్చింది.

ఏటా ఆ రోజు నా కారుకి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి షాపుకి వెళ్ళేదాన్ని. బల్ల పెద్దాయన ఆ బొట్టు చూసి ఏడాదికోసారి అడిగేవాడు, పనిముట్ల పండగ అంటున్నావు, మన పనిముట్లకి ఎందుకు చెయ్యవు అని. కొండలెక్కేవాళ్ళకున్నన్ని మూఢనమ్మకాలు మా అమ్మమ్మకి కూడా లేవు. చలికాలం మొదట్లో మంచు బాగా పడాలని పాత స్కీలు మంటలో వేసి చుట్టూ గంతులేస్తారు వీళ్ళు. ఆ ఏడాది సరేనన్నాను. షాపు తెరిచేది పదింటికి, ఏడింటికే వెళ్ళాం ముగ్గురం. కర్పూరం వెలిగించనన్నాను, మైనం కరిగించే ద్రావకాలున్న గదిలో నేను అగ్గిపుల్ల గియ్యను. బ్యాటరీ దీపం పెట్టాం. నా సొంత దేవుడి ముందు కూడా నేను భద్రత నియమాలు పాటించాను, ఇది ఎవరూ చెప్పరు.

డ్రిల్లింగ్ మిషన్‌కి, పట్టకారుకి, స్కీలకి మైనం పట్టించే ఇస్త్రీపెట్టెకి, స్కీల అంచులు పదునుపెట్టే యంత్రానికి గంధం, కుంకుమ పెట్టాను. పెద్దాయన చేతులు కట్టుకుని తలవంచి నిలబడ్డాడు. బాస్ అమ్మాయి, మా అమ్మకి వీడియో తియ్యాలి, ఆగు అంటూ ప్రతిదీ రెండుసార్లు పెట్టించింది. ఇక వాహనం కావాలి. షాపులో చక్రాలున్నది ఒక్కటే, సామాన్లు తోసే ఇనప ట్రాలీ. దాని నాలుగు చక్రాల కిందా కుంకుమ అద్దిన నిమ్మకాయలు నాలుగు పెట్టి, మెల్లిగా తొయ్యమన్నాను. మెల్లిగా అన్న మాట ఆయన జీవితంలో విన్నవాడు కాదు. భుజం పెట్టి ఒక్క తోపు తోశాడు. నాలుగు కాయలూ టపటపా పేలాయి. రసం ఎగజిమ్మింది.

ట్రాలీ కింది అరలో, శనివారం క్లాసుకని ముందురోజు నేను తడిమి చూసి, సంతకం పెట్టి, చుట్టి పెట్టిన ఎనిమిది తాళ్ళు ఉన్నాయి.

మొదట ముగ్గురం నవ్వాం. ఆ తర్వాత పెద్దాయన నవ్వు ఆపాడు. ఆ తర్వాత నేను. తెల్లతాడు మీద, పసుపుతాడు మీద, లేతనీలం తాడు మీద కుంకుమ కలిసిన రసం చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. మిగతా అయిదూ ముదురు రంగులు. ఒకటి ముదురాకుపచ్చ, రెండైతే అచ్చంగా ఎరుపే. వాటి మీద పడిందో లేదో దేవికే తెలియాలి.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను వాదించాను. గంట సేపు. ఎమ్మెస్సీ మొత్తం బయటికి తీశాను. నిమ్మరసం బలహీనమైన ఆమ్లం, దాంతో మేం రాగిచెంబులు తోముతాం, చారులో పిండుకుంటాం, బ్యాటరీ యాసిడ్‌తో దానికి పోలికేంటి అన్నాను. రాగిచెంబుకి మనుషులు వేలాడరు కదా అన్నాడు పెద్దాయన. ఆయన గోడ మీద స్కీ వైపు చూడనైనా లేదు, చూడక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. సరే, మూడూ కోసెయ్యండి, అయిదు మిగులుతాయి, క్లాసుకి కావలసింది అయిదే అన్నాను. షాపులో కొత్త తాళ్ళు లేవా అని అడుగుతారేమో. అక్టోబరుకి మా తాళ్ళ గోడ ఖాళీ అయిపోతుంది, స్కీల గోడ నిండుతుంది. కొత్తవి తెప్పించాలంటే వారం. పెద్దాయన సొంత తాళ్ళు ఇస్తానన్నాడు. పుస్తకంలో పేజీ లేని తాడు క్లాసుకి రాదని బాస్ అమ్మాయి కొట్టిపారేసింది.

"ఆంటీ, ఆ అయిదు చెక్ చెయ్యి. నువ్వు క్లీన్ అని సైన్ చేస్తే నాకు ఓకే. శనివారం వెళ్దాం."

చెక్ ఎలా చెయ్యాలి? ఎరుపు మీద ఎరుపు కనబడదు. మిగిలింది వాసన. మోకాళ్ళ కింద రెండు జాకెట్లు మడిచి వేసుకుని, కళ్ళు మూసుకుని, అరవై మీటర్ల తాడుని జానెడు జానెడు ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూడటం మొదలుపెట్టాను. అటు కొస నుంచి పెద్దాయన గడ్డంతో సహా వాసన చూస్తూ వస్తున్నాడు. నుదుటికి కుంకుమ, చేతులకి గంధం, ముందు బ్యాటరీ దీపం, మధ్యలో తాడు. అయిదో తాడు చివరికొస్తుండగా సరిగ్గా పదయింది. బాస్ అమ్మాయి అలవాటుగా తలుపు తెరిచింది.

భార్యకి శనివారానికి బూట్లు కొందామని సాఫ్ట్‌వేర్ తమ్ముడు లోపలికొచ్చాడు.

పాట్‌లక్‌లో సాష్టాంగం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా? నేను మోకాళ్ళ మీద వంగి తాడుని కళ్ళకద్దుకుంటున్నాననుకున్నాడు. వాడు కూడా చెప్పులు విప్పబోయాడు, పాపం.

లేచి, సంగతి చెప్పాను. మూడు తడిశాయి, అయిదు బాగున్నాయి, సంతకం పెట్టబోతున్నాను అన్నాను. పుస్తకం తెరిచి ఉంది. నాలుగో తాడు పేజీ. పెన్ను చేతిలో ఉంది. అక్కడ నా చెయ్యి ఆగింది.

ఎందుకంటే గంటసేపటి వాదనలో నేను చెప్పని మాట ఒకటుంది. ట్రాలీ తొయ్యక ముందు, బాస్ అమ్మాయి వీడియో గొడవలో ఎవరూ నా వైపు చూడనప్పుడు, నేను కింది అరలోకి వంగాను. శనివారం పన్నెండుమంది వీటికి వేలాడతారు కదా అనిపించింది. తాళ్ళని ముట్టుకుని, చల్లగా చూడు తల్లీ అనుకున్నాను. అంతకు ముందే గుమ్మానికి రెండు పక్కలా పెట్టడానికి నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది వచ్చాను. ఆ చేతులే. ఎన్ని తాళ్ళు ముట్టుకున్నానో, ఎక్కడ ముట్టుకున్నానో గుర్తులేదు. కెమిస్ట్రీ తలలో ఉంటుంది, పండగ చేతుల్లో ఉంటుంది. చేతులు తలని అడగవు. పైగా ఆ కుంకుమ కొన్నది. పొట్లం మీద అమ్మవారి బొమ్మ ఉంది గానీ, లోపల ఏ రంగు కలిపారో రాయలేదు.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే రెండేళ్ళ పోరూ, పన్నెండు పేర్లూ, ఆ పెద్దావిడ పంజాబీ డ్రెస్సూ అన్నీ పోతాయి. మళ్ళీ ఏప్రిల్ దాకా రాయి ఆరదు. ఒక నిమ్మచెక్క తడి. ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. కెమిస్టుగా నేను పందెం కాసేదాన్ని, ఏమీ కాదని. కానీ పందెంలో వేలాడేది నేను కాదు.

"పెట్టండక్కా, పర్లేదు" అన్నాడు తమ్ముడు. మళ్ళీ తనే, "మీకు తెలుసు కదా అవి క్లీన్ అని?" అన్నాడు.

వాడు ఎత్తిపొడుపుగా అన్లేదు. అదే నన్ను చంపింది. భార్య వేలాడబోతోంది, నిజంగానే అడిగాడు.

"తెలియదు" అన్నాను.

బాస్ అమ్మాయి వైపు తిరిగి, చేతుల సంగతంతా చెప్పాను. ఆ పిల్ల నా చేతిలో పెన్ను తీసుకుని మూత పెట్టింది. అరిచినా బాగుండేది. అరిస్తే తిరిగి అరవడం నాకొచ్చు.

"ఆంటీ, శనివారం నేనే పైన తాడు కట్టేదాన్ని" అంది. "అందరికంటే ఫస్ట్ నేను వేలాడేదాన్ని. నాకు చెప్పకుండా గంట సేపు లెమన్ రైస్ గురించి చెప్పావు నువ్వు."

చారు అన్నాను నేను, పులిహోర కాదు. అంత అవమానంలోనూ ఆ దిద్దుబాటు చెయ్యకుండా ఉండలేకపోయాను.

కత్తి తీసుకుని మొదటి తాడు కోశాను. తమ్ముడు చూస్తుండగానే. రెండోది కోస్తుంటే, తెలిస్తేనే తాడు, తెలియకపోతే పీచు కదక్కా అన్నాడు. ఇది మాత్రం ఎత్తిపొడుపే. హక్కుంది, పడ్డాను. అప్పటికే షాపులోకి జనం వస్తున్నారు. పెద్దాయన నా చేతిలో కత్తి తీసుకుని, నువ్వు ముఖం కడుక్కుని కౌంటర్ దగ్గరికి వెళ్ళు, మిగతా ఆరూ నేను చూసుకుంటాను అని ట్రాలీని వెనక గదిలోకి తోసుకుపోయాడు. తమ్ముడు చూసిన చివరి దృశ్యం అదే, తెల్లాయన, కత్తి, తాళ్ళు. కథ అల్లుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

క్లాసు కాన్సిల్ అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దసరా శుభాకాంక్షల బొమ్మలు నూటయాభై దాకా వచ్చి పడి నా మెసేజ్‌ని అడుగుకి తొక్కేశాయి. శనివారం తొమ్మిదింటికి షాపు ముందు పదకొండుమంది నిలబడి ఉన్నారు, కొత్త బూట్లు, వాటర్ బాటిళ్ళు, రెండు పెద్ద గిన్నెల ఉప్మాతో. తమ్ముడి భార్యకి సంగతి తెలుసు, అయినా వచ్చింది. బూట్లు వాడితే వెనక్కి తీసుకోరని మీరే అన్నారు కదండీ, ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను అంది. పన్నెండుకి పన్నెండు. ఒక్కరూ డ్రాప్ అవ్వలేదు. బాస్ అమ్మాయి నా వైపు చూసింది. నేనూ చూశాను. గెలిచిన వాదనని ఆస్వాదించే ముఖం లేదు నాకు.

జరిగింది చెప్పాను వాళ్ళకి. చర్చి నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకావిడ, ఏ దేవుడికి మొక్కినా ముందు చేతులు కడుక్కోవాలండీ అంది. ఇప్పటిదాకా నా గురించి ఎవరూ అంత సరిగ్గా చెప్పలేదు.

బాస్ అమ్మాయి వెనక గదిలోంచి కోసిన తాడుముక్కల తట్ట తెచ్చి వసారాలో పెట్టింది. కోసిన తాడు వేలాడటానికి పనికిరాదు గానీ ముడులు నేర్చుకోవడానికి పనికొస్తుంది. నడుంపట్టీకి కట్టుకునే ముడి ఒకటుంది, ఎనిమిది అంకెలా ఉంటుంది, ఎక్కేవాడి ప్రాణం దాని మీదే. మగవాళ్ళ క్లాసుల్లో దానికి గంట పడుతుంది. రెండు చేతుల్తో తాడుని తిప్పి, నాలుక బయటపెట్టి, తిట్టుకుని, మళ్ళీ విప్పుతారు. మనవాళ్ళు ఒకసారి చూశారు. రోజూ జడలు అల్లే చేతులు, మల్లెమొగ్గల్ని వేళ్ళ సందున పట్టి దారంతో కట్టే చేతులు. మాట్లాడుకుంటూనే, చూడకుండానే వేసేశారు. యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ కుడిచేత్తో ఉప్మా పెడుతూ ఎడమచేత్తో వేసింది. పెద్దాయన ముడి ముడినీ లాగి చూసి, చివరికి ఆవిడ దగ్గర కూర్చుని, మళ్ళీ ఒకసారి మెల్లిగా చూపించమని బతిమాలాడు. మెల్లిగా అన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఇంకేమైనా ఉందా, ఇంతేనా అని అడిగింది ఆవిడ. అన్నిటికీ మించి అది గుర్తుంది నాకు.

క్లాసు ఏప్రిల్‌లో జరిగింది. ఏడుగురు ఎక్కారు. తమ్ముడి భార్య ఇప్పుడు వాణ్ణి కింద నిలబెట్టి తాడు పట్టిస్తుంది, జాకెట్టు కూడా వాడి చేతికే ఇస్తుంది. ఒకామె టెక్సస్ వెళ్ళిపోయింది, ఒకామెకి నెలలు, ఇద్దరికి ఆ ఊపు పోయింది. పెద్దావిడకి ఫిబ్రవరిలో మోకాలి ఆపరేషన్ అయింది. డాక్టరు ఇక ఎక్కడాలు వద్దన్నాడు. పాట్‌లక్‌లో కనిపించినప్పుడల్లా, ఆ శనివారమైతే ఎక్కేసేదాన్నే అంటుంది. నవ్వుతూనే అంటుంది. నేను చూపు పెరుగువడ వైపు తిప్పుకుంటాను.

తాడు తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాశాను, ఇంత గాఢత ఉన్న నిమ్మరసం, ఇంతసేపు తగిలితే ఎంత బలం తగ్గుతుందని. రెండు పేజీలు, ఈక్వేషన్లతో సహా. అనుమానముంటే వాడకండి అని ఒక్క లైను జవాబొచ్చింది. ఆ మాట మా గోడ మీద స్కీ కూడా చెప్తుంది, దానికి కెమిస్టు ఎందుకు?

ఆ శనివారం అందరూ వెళ్ళాక ముక్కలు తట్టలోకి ఎత్తుతూ ఒకటి గమనించాను. ప్రతి తాడు కొసకీ కంపెనీ వాళ్ళు పేరున్న చిన్న పట్టీ అంటిస్తారు. ఎనిమిది తాళ్ళకి పదహారు కొసలు. తట్టలో పధ్నాలుగే ఉన్నాయి. మూడుసార్లు ఏరాను. ముదురాకుపచ్చ ముక్క ఒక్కటీ లేదు. సోమవారం పెద్దాయన్ని అడిగితే, ఎవరైనా ఇంటికి పట్టుకెళ్ళి ఉంటారు, బట్టలారేసుకోవడానికి బాగుంటుంది అన్నాడు. అన్నాడు గానీ నా ముఖం చూడలేదు.

రెండేళ్ళ తర్వాత ఆయన రిటైరై యూటాలో ఎర్రరాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. అనుమానమొస్తే కొయ్యి అని చెక్కిన స్కీ నాకిచ్చి వెళ్ళాడు. అప్పుడప్పుడు ఫోటోలు పంపుతాడు. పోయిన నెల ఒకటొచ్చింది. నిటారు రాతికి, గాలిలో, నూటతొంభై పౌండ్ల మనిషి, గడ్డం ఎగురుతూ వేలాడుతున్నాడు. తాడు ముదురాకుపచ్చ. పెద్దది చేసి చూశాను. నడుం దగ్గర ముడికి జానెడు పైన, వేలిముద్రంత ఎర్రటి మరక.

ఆ ఊళ్ళో దుమ్మంతా ఎరుపే, తెలుసు నాకు. అక్కడ గొర్రెలు కూడా ఎర్రగానే ఉంటాయట. అయినా రాశాను, ఆ తాడు ఎక్కడిది అని. జవాబుగా బొటనవేలు బొమ్మ పంపాడు. మళ్ళీ రాశాను. మళ్ళీ బొటనవేలు.

చెప్పవయ్యా మహానుభావా, అది రాతి దుమ్మా, నా వేలా? నా వేలే అయితే, ఇన్నేళ్ళుగా నిన్ను మోస్తున్న ఆ తాడు, యాభై ఎనిమిదేళ్ళ ఆవిణ్ణి ఒక్క శనివారం మోసేది కాదా?